కిటికీ వైపు వాలిన పాలకూర

ఫిబ్రవరి 3

పొట్టోడికి,

అక్క ఆశీస్సులు. తిట్లు కూడా ఉన్నాయి, అవి కింద వస్తాయి.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటని మూతి తిప్పకు. ఫోన్‌లో మనిద్దరం మూడో మాటకే పోట్లాటకు దిగుతాం, నాలుగో మాటకు ఎవరో ఒకరం పెట్టేస్తాం. పైగా మోటారు రొద వినీ వినీ నా ఎడమ చెవి సగం పనిచెయ్యడం మానేసింది. నాకు కావలసింది బొమ్మలు గీసి చెప్పాల్సిన సంగతి. ఈ షెడ్డు ఫోను మాట్లాడటానికే తప్ప బొమ్మలు చూడటానికి పనికిరాదని నీకూ తెలుసు.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను ఆకుకూర కట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గొట్టాలు ఎండిపోయి ఉన్నాయి. మట్టి లేకుండా మొక్కల్ని పెంచడానికి నువ్వు దగ్గరుండి పెట్టించిన గొట్టాలే. వాటిలో నీళ్ళు గోరు మందాన పారుతుంటాయి కదా, మోటారు ఆగితే ఆ కాస్తా కూడా జారిపోతుంది. వేర్లు గొట్టం అడుగుకు అంటుకుపోయాయి. పాలకూర మొత్తం తలలు వేలాడేసింది. మళ్ళీ నీళ్ళు వదిలితే సగం లేచింది, సగం లేవలేదు. లేవనివాటిని పీకి బస్తాలో కుక్కుతుంటే నాకు ఏడుపు రాలేదు తమ్ముడూ. భయం వేసింది. మనిషి బాగా అలిసిపోతే ఏడుపు కూడా రాదేమో.

నా ఆకులు ఇప్పుడు హోటల్‌కు వెళ్ళడం లేదు. వాళ్ళు మూసేసుకున్నారు. హాస్పిటల్ వంటగదికి ఇస్తున్నాను. ఆ వంటగదిని చూసుకునే పెద్దామె మనసు మంచిదే గానీ నోరు కత్తెర. కాడ కాస్త ముదిరితే చాలు, కట్ట మొత్తం నా ముఖాన కొడుతుంది. అయినా ఆమె కొనడం మానలేదు, నేనూ ఇవ్వడం మానలేదు.

మీ బావ పోయినప్పటి నుంచీ నేను ఈ షెడ్డు వదిలి ఎక్కడా ఉండలేదు. నిద్రలో కూడా ఒక చెవి మోటారు మీదే. అందరికీ చప్పుడైతే మెలకువ వస్తుంది, నాకు చప్పుడు ఆగితే వస్తుంది.

నువ్వు పనిచేసే అద్దాల మేడలో మొక్కల్ని నీళ్ళలో పెంచే పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి పరీక్ష చేస్తున్నానన్నావు కదా. నాది ఒకటే ప్రశ్న. నేనో వారం పది రోజులు కనపడకపోయినా చావకుండా ఉండేది వాటిలో ఏది? ఏది ఎక్కువ కాస్తుంది, ఏది తొందరగా పెరుగుతుంది అన్నవి నాకొద్దు. నేను కాలు బయట పెట్టాలి, తిరిగొచ్చేసరికి పంట ఉండాలి. అంతే.

వేళకు తింటున్నావా? ఈ ప్రశ్నకు కూడా జవాబు రాయి. ఎప్పుడూ దాన్ని దాటేసి మొక్కల సంగతి మొదలుపెడతావు.

ఇట్లు,
మోటారుకు కాపలా ఉన్న
మీ అక్క


ఫిబ్రవరి 12

అక్కకు,

దండం పెట్టమంటే పెడతాను గానీ ముందు గొట్టాల మీద వేసిన నింద వెనక్కి తీసుకో. ఆగిపోయింది కరెంటు. గొట్టం ఏం చేసింది?

నా దగ్గర నాలుగు రకాలు నడుస్తున్నాయి. వెనక పేజీలో బొమ్మలు వేశాను, బాణం గుర్తులు నీళ్ళు పోయే దారి.

మొదటిది నీ గొట్టాలే. వేరుకు నీళ్ళూ దొరుకుతాయి, గాలీ దొరుకుతుంది, అందుకే మొక్క ఎగబడి పెరుగుతుంది. తక్కువ నీళ్ళు చాలు. మోటారు మాత్రం నిమిషం ఆగకూడదు.

రెండోది తెప్ప. నిండు తొట్టి మీద థర్మకోల్ పలక తేలుతుంది, పలకకు చిల్లులు, చిల్లుల్లో మొక్కలు. వేర్లు నీళ్ళలోనే మునిగి ఉంటాయి కాబట్టి ఊపిరి కోసం బుడగల మోటారు పెట్టాలి. అది ఆగినా ఓ రోజు ఓర్చుకుంటుంది. కానీ నీళ్ళు వేడెక్కితే వేర్లు గోధుమ రంగుకు తిరిగి కంపు కొడతాయి. నాది కొంచెం కొడుతోంది. ముక్కు మూసుకుని రాస్తున్నా.

మూడోది నింపి ఖాళీ చేసే పళ్ళెం. గులకరాళ్ళ మధ్య మొక్కలుంటాయి. టైమర్ వేళకు నీళ్ళు నింపుతుంది, కాసేపటికి దించేస్తుంది. రాళ్ళు తడి పట్టి ఉంచుతాయి కనుక ఒక పూట తప్పినా పర్వాలేదు. మొన్న నా టైమర్ నింపడం గుర్తుపెట్టుకుని దించడం మర్చిపోయింది. నేల తుడవడానికి పొద్దంతా పట్టింది.

నాలుగోది వత్తి. దీపంలో నూనెను పీల్చినట్టు కింది డబ్బాలోంచి గుడ్డ పేలిక నీళ్ళు పైకి తెస్తుంది. మోటారు లేదు, కరెంటు లేదు, తొందర అసలే లేదు. పుదీనా హాయిగా ఉంది. పాలకూర మాత్రం అలిగిన పిల్లలా కూర్చుంది. మొక్క పెద్దదయ్యే కొద్దీ అది తాగేంత వేగంగా వత్తి అందించలేదు. పైన ఎరువు ఉప్పు పేరుకుంటుంది కూడా. అప్పుడప్పుడు మగ్గుతో మంచినీళ్ళు పైనుంచి పోసి కడుగుతున్నాను.

అన్నిట్లోనూ ఒకటే తలనొప్పి. పాలకూర మొత్తం కిటికీ వైపు వాలిపోతోంది. రోజూ పొద్దున్నే తొట్లు అటుదిటు తిప్పి పెడతాను, సాయంత్రానికి మళ్ళీ అటే తిరుగుతుంది. దానికున్న పట్టుదల నాకు లేదక్కా.

మొత్తం మీద చెప్పాలంటే గొట్టాలను మించింది లేదు. మోటారుకు ఒక బ్యాటరీ తగిలించు, నీ బాధ తీరుతుంది. నీ ఉత్తరంలో గొట్టాల సంగతి ఉన్న మొదటి కాగితం గోడకు అంటించుకున్నాను.

మేడ బాగానే ఉంది. పని బాగానే ఉంది.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 20

తమ్ముడికి,

అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. గొట్టాలను మించింది లేదట. గొట్టాలకు నిన్నిచ్చి పెళ్ళి చెయ్యనా?

బ్యాటరీ ఉంది. పోయిన ఏడాదే తగిలించాను, నీకు రాశాను కూడా. అది నా చెవిలాంటిదే, సగమే పనిచేస్తుంది. ఇక నీ గొట్టాలు వేర్లతో ఎలా పూడుకుపోతాయో నీకు తెలుసు. లోపల దూది పరుపులా అల్లుకుపోతాయి. మూతలు విప్పి, పొడుగు బ్రష్ పెట్టి, ఒంగి తోమాలి. నా మోకాళ్ళు ఇప్పుడు ఒంగితే లేవనంటున్నాయి, లేస్తే ఒంగనంటున్నాయి. ఎరువు నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరులో అంకె కూడా మసకగా కనపడుతోంది. పక్కన కుట్టుమిషను ఆవిడను పిలిచి చదివించుకుంటున్నాను. ఆవిడ ప్రతిసారీ అది ఎక్కువా తక్కువా అని అడుగుతుంది. ఎక్కువంటే కంగారుపడుతుంది, తక్కువన్నా కంగారుపడుతుంది.

ఆవిడ దగ్గరే కత్తిరింపు పేలికలు తెచ్చి వత్తులు వేసి చూశాను. నూలు గుడ్డ కుళ్ళి వాసన వచ్చింది. నైలాను గుడ్డ అసలు నీళ్ళే పీల్చలేదు. రెండూ కలిపి మెలితిప్పితే కాస్త నయం. నువ్వన్నట్టు పుదీనాకు సరిపోతుంది, పాలకూరకు చాలదు. హాస్పిటల్‌కు కావలసింది పాలకూర.

అందుకని మళ్ళీ అడుగుతున్నాను. కరెంటు లేకుండా, ఎవరూ రాకుండా, పాలకూర ఓ వారం పది రోజులు బతికే దారి ఉందా లేదా? ఉంటే చెప్పు. లేకపోతే లేదని చెప్పు, నేను వేరే ఏదైనా చూసుకుంటాను.

హాస్పిటల్ పెద్దామెతో మాట్లాడాను. మొదట ససేమిరా అంది. నా ముఖం చూసి ఏమనుకుందో, చివరికి సరే పది రోజులు ఇచ్చాను, ఆ తర్వాత మాత్రం నేను చెప్పినట్టు వినాలి అంది.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఒక చోట ఆగిపోతున్నాను. ఎక్కడో ఇప్పుడు చెప్పను.

తింటున్నావా అంటే మేడ బాగానే ఉంది అన్నావు. నేను మేడను అడగలేదు.

అక్క


ఫిబ్రవరి 28

అక్కా,

ఏం జబ్బు?

మొదటి ఉత్తరం నుంచీ పది రోజులు పది రోజులు అంటున్నావు. నిద్ర లేదన్నావు, ఒంగలేనన్నావు, అంకెలు కనపడటం లేదన్నావు. ఇప్పుడు హాస్పిటల్లో పెద్దామె గడువిచ్చిందంటున్నావు. ఆమె ఏ డాక్టరు? పది రోజుల తర్వాత ఆమె చెప్పినట్టు వినాలంటే ఏమిటి, ఆపరేషనా? నాకు చెప్పకుండా ఒక్కదానివే వెళ్ళి పడుకుందామని చూస్తున్నావా?

నువ్వు మొదటి ఉత్తరంలో దీని గురించి ఏమైనా రాసి ఉంటే నన్ను తిట్టుకో. రెండో కాగితం నా దగ్గర లేదు. గింజలు మొలకెత్తించడానికి తడి కాగితం కావలసి వచ్చింది. నీ కాగితం మందంగా ఉంది, చేతికి అందింది, తడిపి గింజలు చల్లేశాను. గోడకు అంటించింది మొదటి కాగితం ఒక్కటే. మొలకలు మాత్రం బాగా వచ్చాయి.

నువ్వడిగినదానికి దారి ఉంది. ఇన్నాళ్ళూ చెప్పనిది ఎందుకంటే అది చూడటానికి పద్ధతిలా ఉండదు, బద్ధకంలా ఉంటుంది. నిలవ నీళ్ళ తొట్టి. మోటారు లేదు, బుడగలు లేవు, వత్తి లేదు. లోతైన తొట్టిలో ఎరువు నీళ్ళు ఒక్కసారే నింపు. మూతకు చిల్లులు పెట్టి కప్పుల్లో నారు దించు. వేరు కొన నీళ్ళకు తగిలితే చాలు. మొక్క తాగే కొద్దీ నీళ్ళు దిగుతాయి, వేరు వాటి వెంట దిగుతుంది. మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది కదా, ఆ ఖాళీలో ఉన్న పై వేర్లు గాలి పీల్చడం నేర్చుకుంటాయి. తొట్టిలోకి వెలుగు పడకుండా మాత్రం చూడు, లేకపోతే పాచి పడుతుంది.

ఒకే ఒక్క మాట గుర్తుపెట్టుకో. నీళ్ళు తగ్గాయి కదా అని మళ్ళీ నింపొద్దు. అడుగంటుతుంటే అడుగున కాస్త పొయ్యి, అంతే. మూతి దాకా నింపావంటే గాలికి అలవాటుపడిన వేర్లు మునిగిపోయి ఊపిరాడక చస్తాయి. చూసినవాళ్ళకి సగం ఖాళీ తొట్టి కనపడుతుంది, చెయ్యి ఊరుకోదు. చేతిని కట్టేసుకో. కుట్టుమిషను ఆవిడకు కూడా చెప్పు.

జబ్బు సంగతి రాయి. లేకపోతే నేను వచ్చేస్తాను.

తమ్ముడు


మార్చి 8

తమ్ముడికి,

నా మాటల మీద గింజలు మొలకెత్తించావన్నమాట. సంతోషం.

నాకేం జబ్బో ఆ కాగితంలోనే ఉంది. చదివి ఉంటే తెలిసేది. నేను మళ్ళీ రాయను. చిన్నప్పుడు కూడా అంతే, అన్నం పెట్టానురా అంటే వినపడదు, గూట్లో పిట్ట అరిస్తే వినపడుతుంది. కోపంగా రాస్తున్నాను అనుకుంటున్నావేమో, కోపం లేదు. ఓపిక లేదు.

నువ్వు చెప్పిన తొట్లు పెట్టాను. నల్ల ప్లాస్టిక్ డ్రమ్ములు నిలువునా కోయించి, మూతలకు చిల్లులు పెట్టించి, గొట్టాల్లో ఉన్న మొక్కల్ని వేర్లు తెగకుండా ఒక్కొక్కటిగా మార్చాను. కుట్టుమిషను ఆవిడ కప్పులు అందించింది. చివరి మొక్క దించాక మోటారు ఆపేశాను.

షెడ్డు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టలేదు. లేచి వెళ్ళి మొక్కల్ని చూసొచ్చాను. అవి మాత్రం బాగున్నాయి. ఇన్నేళ్ళూ నేను లేకపోతే వీటికి గతి లేదనుకున్నాను. ఇవేమో నన్ను అడగకుండానే ఆకులు వేస్తున్నాయి. సంతోషించాలి. కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా.

నీళ్ళు దిగుతున్నాయి. నువ్వన్నది నిజమే, చెయ్యి ఊరుకోవడం లేదు. జగ్గు తీసుకెళ్ళి ఆవిడ ఇంట్లో పెట్టేశాను.

ఇంకొన్నాళ్ళు చూసి, అన్నీ సవ్యంగా ఉంటే నేను బయలుదేరతాను. ఎక్కడికని అడగకు. షెడ్డు ఫోను ఆవిడ దగ్గర ఉంచి వెళ్తాను, ఆకుల కోసం ఫోన్లు వస్తాయి కనుక. ఆవిడకు కూడా ఎక్కడికో చెప్పలేదు. ఆవిడకు చెబితే కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ కొలతలతో పాటు ఆ సంగతి కూడా ఇస్తుంది.

నీ కిటికీ ఏ వైపు ఉంది? పొద్దున ఎండ వస్తుందా, సాయంత్రం వస్తుందా?

అక్క


మార్చి 23

తమ్ముడికి,

ఈ ఉత్తరం నీ గదిలో, నీ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. పైన నా షెడ్డు చిరునామా రాయాల్సి వచ్చింది. జీవితంలో మొదటిసారి నా ఇంటికి నేనే ఉత్తరం వేస్తున్నాను.

ఫోన్‌లో ఏం జరిగిందో నీకు తెలుసు గానీ నా వైపు నుంచి కూడా విను. కింది వాటా పెద్దాయన ఫోను అడిగి తీసుకుని, కుట్టుమిషను ఆవిడను మొక్కల సంగతి అడుగుదామని చేశాను. నువ్వు ఎత్తావు. నువ్వక్కడేం చేస్తున్నావ్ అన్నాను. నేనిక్కడేం చెయ్యాలో నాకు తెలుసు, ముందు నువ్వెక్కడున్నావ్ అన్నావు. నీ గదిలో అన్నాను. ఎవరిని అడిగి వెళ్ళావ్ అన్నావు. నేను పెట్టేశాను. మూడో మాటకే. పెద్దాయన పాపం మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

నేను ఎక్కిన బస్సుకు ఎదురుగా నీ బస్సు వెళ్ళి ఉంటుంది. నువ్వు నన్ను హాస్పిటల్ మంచం మీద వెతకడానికి వెళ్ళావు. నేను నిన్ను వెతకడానికి వచ్చాను.

ముందు నీ అద్దాల మేడకే వెళ్ళాను. గేటు దగ్గర మనిషి నీ పేరు చెప్పగానే, ఆయన ఇప్పుడు లేరమ్మా, ఆ పరీక్షల భాగం మూసేసి చాలా రోజులైంది అన్నాడు. లోపలికి తొంగిచూశాను. గాజు పలకలు విప్పి గోడకు ఆనించి ఉన్నాయి. పందిరి ఇనుప కమ్మీలు మాత్రం మిగిలాయి. అంత దూరం వెళ్ళకముందే నువ్వు అక్కడ లేవని నాకు తెలుసు. అయినా ఒకసారి కళ్ళతో చూడాలనిపించింది.

ఎలా తెలుసంటావా? నీ పాలకూర కిటికీ వైపు వాలిపోతోందని రాశావు. అద్దాల మేడలో వెలుగు అన్ని వైపుల నుంచీ పడుతుంది, మొక్క ఎటూ వాలదు. ఒక్క కిటికీ ఉన్న గదిలోనే వాలుతుంది. నేను మొదట్లో నారు కిటికీ దగ్గర పెంచి ఏడుస్తుంటే ఈ సంగతి చెప్పింది నువ్వే. రోజూ తొట్లు తిప్పుతున్నానన్నావు. అక్కడి తొట్టి ఒక మనిషి తిప్పేదా? మగ్గుతో నీళ్ళు పోశానన్నావు. అక్కడ మగ్గు ఎందుకుంటుంది? మగ్గు స్నానాల గదిలో ఉంటుంది.

తలుపు పెద్దాయన తీసిచ్చాడు. స్నానాల గదిలో ఒక్క కిటికీ, దాని కింద నాలుగు తొట్లు చూశాను. మనిషి స్నానం చెయ్యడానికి ఒక కాలు పెట్టే చోటు ఉంది. మిగతాది పాలకూరది. తెప్ప నిజంగానే కంపు కొడుతోంది.

ఎవరైనా పిలిస్తే మోటార్లు, కుళాయిలు బాగుచెయ్యడానికి వెళ్తాడు, పిలవని రోజు గదిలోనే ఉంటాడు, భోజనానికి రమ్మంటే తిన్నానంటాడు అని పెద్దాయన చెప్పాడు. నీ గిన్నెలు చూశాను. నిజం చెప్పాలంటే మొదట కోపం వచ్చింది. ఉద్యోగం పోయినవాడు పోయిందని చెప్పకుండా నాకు బొమ్మలు గీసి బాణాలు పెట్టి పంపుతాడా అనుకున్నాను. తర్వాత నీ మంచం అంచున కూర్చుంటే ఏడుపు వచ్చింది. చాలాసేపు ఏడ్చాను. పోనీలే, నాకింకా ఏడుపు వస్తుందని తెలిసింది.

జబ్బు నాకు లేదు. హాస్పిటల్ పెద్దామె డాక్టరు కాదు, వంటగదిలో కూరలు కొనే మనిషి. పది రోజులు ఆకులు ఇవ్వకపోయినా ఊరుకుంటానంది. ఆమె ఎవరో నువ్వు గింజలు చల్లిన కాగితంలోనే రాశాను.

నా మొక్కలెలా ఉన్నాయో రాయి.

అక్క


మార్చి 27

అక్కా,

మొక్కలెలా ఉన్నాయని అడిగావు. అదొక్కటి అడక్కుండా ఉంటే బాగుండేది.

నేను దిగేసరికి షెడ్డు తాళం వేసి ఉంది. కుట్టుమిషను ఆవిడను అడిగితే సంచి సర్దుకుని వెళ్ళింది బాబూ, హాస్పిటల్ వాళ్ళకు చెప్పే వెళ్ళింది అంది. ఆవిడ దగ్గర తాళం, ఫోను తీసుకుని లోపలికి వెళ్ళాను. ఎక్కడ వెతకాలో, ఎవరిని అడగాలో తోచలేదు. తొట్లు చూస్తే నీళ్ళు సగానికి దిగి ఉన్నాయి. అక్క అక్కడ అలా ఉంది, ఇక్కడ మొక్కలు ఎండుతున్నాయి అనుకున్నాను. ఆవిడ ఇంట్లోంచి జగ్గు తెచ్చి అన్నిటినీ మూతి దాకా నింపేశాను.

అవునక్కా, నేనే. నింపొద్దని నీకు ఉత్తరం రాసినవాడినే. ఆవిడ పక్కన నిలబడి, మీ అక్క పోయొద్దంది బాబూ అని చెప్తూనే ఉంది. మీకు తెలియదండీ అన్నాను.

మర్నాటికి ఆకులు వాడిపోయాయి. నీళ్ళలో నిలబడి వాడిపోయాయి. వెంటనే సగం తోడి పారబోశాను. పక్క వరసలో లేతవి తేరుకున్నాయి. పెద్దవి చాలా వరకు పోయాయి. వాటిని పీకి బస్తాలో వేశాను. నువ్వు మొదటి ఉత్తరంలో రాసిన బస్తా గుర్తొచ్చింది. గోడకు అంటించినా ఇన్నాళ్ళూ ఆ ముక్క నాకు కనపడలేదు.

హాస్పిటల్ పెద్దామె వచ్చింది. నువ్వు నోరు కత్తెర అన్నది ఈమెనే అని గుమ్మంలోనే తెలిసింది. తొట్లు చూసి, నన్ను చూసి, మీ అక్క కట్టల్లో ఒక్క కాడ ముదిరితే నేను ఒప్పుకోను, నువ్వు పంటంతా ముంచావు అంది. తర్వాత కూర్చుని టీ తాగింది. మీ అక్కకు సెలవు నేనే ఇచ్చాను, నిలబడి నిద్రపోతోంది పాపం అంది.

ఉద్యోగం సంగతి. నాలుగు పద్ధతుల్లో ఏది గెలిచిందో తెలుసా? ఏదీ కాదు. ఆకులు పెంచడం కంటే బయట కొనడం చవకని తేల్చారు. పరీక్ష మధ్యలోనే ఆపేసి మమ్మల్ని పంపించారు. నాకది మింగుడు పడలేదు. సగంలో ఆగిపోయిన లెక్క నా గదిలోనైనా పూర్తి చేద్దామని నాలుగు తొట్లు పెట్టుకున్నాను. ఎవరికి చూపించాలో తెలియదు. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. నన్ను ఒకరు అడిగారక్కా, ఏది మంచిదని. ఉద్యోగం లేదని చెబితే మళ్ళీ అడగవనుకున్నాను. నువ్వు గొట్టాలు వేసింది నా మాట మీద. ఆ మాటకు విలువ ఆ మేడ వల్లే వచ్చిందనుకున్నాను. సిగ్గేసింది.

చాలా అలిసిపోయాను. నీ మంచం మీద పడి పొద్దెక్కే దాకా నిద్రపోయాను. అలా పడుకుని ఎన్నాళ్ళయిందో.

నేను రావాలా, నువ్వొస్తావా? నీ సెలవు అయిపోతోంది, ఇవ్వడానికి ఆకులు లేవు. తప్పు నాది, ఏం చెయ్యమంటే అది చేస్తాను.

తమ్ముడు


ఏప్రిల్ 1

పొట్టోడికి,

నీ ఉత్తరం చదివి నవ్వాను. కింది వాటా పెద్దాయన కంగారుగా పైకొచ్చాడు. మొన్న ఏడుపు విన్నాడు కదా, దీన్ని కూడా అదే అనుకున్నాడు.

పోయినవి పోయాయి. నేను ఎన్నోసార్లు పోగొట్టుకున్నాను, ఒకసారి నువ్వు పోగొట్టావు. అక్కకేదో అయిందని చెయ్యి ఆగలేదన్నావు, దానికి నేనేం తిట్టను? తిట్టే పని పెద్దామె చేసేసింది కూడా. ఆమెతో ఫోన్‌లో మాట్లాడాను. లేతవి కోతకొచ్చే దాకా ఆగుతానంది. నీ గురించి ఒక మాట అడిగింది. ఆ పొడుగు మనిషి ఉంటాడా వెళ్తాడా అంది. అతన్ని అడిగి చెప్తానన్నాను.

అందుకని అడుగుతున్నాను. షెడ్డుకు రెండో మనిషి కావాలి. జాలిపడి అడగడం లేదు, అలా అనుకుంటే కొడతాను. నాకు నిద్ర కావాలి. ఒంగి గొట్టాలు తోమే నడుము కావాలి. మీటరులో అంకె చదివి కంగారుపడకుండా ఉండే కళ్ళు కావాలి. నీ మాట విలువ ఆ మేడలో ఉందనుకున్నావు. మేడను నేనెప్పుడు చూశాను? మొన్న చూశాను, కమ్మీలే ఉన్నాయి. గొట్టాలు వేసింది నా తమ్ముడు చెప్పాడని.

ఇక పద్ధతి సంగతి. మనం ఇద్దరం ఉన్నప్పుడు గొట్టాలు నడుపుదాం, పంట తొందరగా వస్తుంది. కొన్ని వరసలు నిలవ తొట్లలోనే ఉండనీ. ఎప్పుడైనా ఇద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్ళాలనిపిస్తే అవి చూసుకుంటాయి. ఎక్కడికని అడగకు, నాకింకా తెలియదు. వెళ్ళొచ్చు అన్నది ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది.

ఇక్కడ నేనేం చెయ్యడం లేదు. స్నానాల గది గుమ్మంలో ఆ కిటికీకి ఎదురుగా కూర్చుంటున్నాను. మొదట నీలాగే తొట్లు తిప్పాను. తర్వాత మానేశాను. వెలుగు అటే ఉంటే అవి మాత్రం ఏం చేస్తాయి, వాలనీ అనుకున్నాను. నువ్వు కొత్తగా పెట్టిన నిలవ తొట్టిలో నీళ్ళు సగానికి దిగాయి. నేను పొయ్యలేదు. ఈ సంగతి నీకు వినపడేలా గట్టిగా చెప్పాలని ఉంది.

పెద్దాయనకు గది ఖాళీ చేస్తున్నామని చెప్పాను. నీ గిన్నెలు, బట్టలు సర్దాను. పుదీనా ఆయనకిచ్చేశాను, వత్తి సంగతి నేర్పాను. తెప్పను మాత్రం బయట పారబోశాను, దాన్ని ఎవరికీ ఇవ్వలేం.

కిటికీ గట్టు మీద ట్రేలో నా ఉత్తరం దొరికింది. సిరా కొంచెం పాకింది గానీ అక్షరాలు తెలుస్తున్నాయి. హాస్పిటల్ వంటగది అన్న చోట ఒక మొలక, నేను ఈ షెడ్డు వదిలి ఎక్కడా ఉండలేదు అన్న చోట నాలుగు, వేళకు తింటున్నావా అన్న చోట గుంపుగా. వేర్లు కాగితంలోకి దిగి అవతలి వైపు వచ్చాయి, విడదియ్యడం కుదరదు. తడిగుడ్డ చుట్టి అలాగే తెస్తున్నాను. ఈసారి ముందు చదువు, తర్వాత నాటు.

రేపటి బస్సుకు వస్తున్నాను. తాళం వెయ్యకుండా ఇంట్లో ఉండు.

అక్క